కుమారి జీవాంజి దీప్తి చరిత్రము



మన వార్షిక మహాసభా సంచికలయందు కులపెద్దల జీవితచరిత్రములను ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. చెరువులు త్రవ్వించిన పుణ్యాత్ములును, సత్రములు కట్టించిన దాతలును, విద్యావంతులై యున్నతపదవుల నలంకరించినవారును ఇట్టి పుటల కెక్కుచుందురు. అట్టివారి చరిత్రములను చదివిన బాలబాలికలు తామును అట్లు కావలెనని తలంతురను నాశచేతనే పెద్దలీ యాచారమును నెలకొల్పిరి. ఈ యేట మేము వ్రాయబూనిన చరిత్రము వానికి కొంత భిన్నమైనది. ఇది కూలి చేసి బ్రతుకు తల్లిదండ్రులకు జన్మించి, మేధోవైకల్యముచే నూరివారి యెగతాళికి గుఱియై, ఇరువదియొక్క యేండ్లు నిండకమున్నే జగజ్జేత్రియైన యొక తెలుగుబాలిక చరిత్రము. ఆమె పేరు కుమారి జీవాంజి దీప్తి.

ఈమె మన కులమునకు చెందినదా యని ప్రశ్నించువారు కొందఱుందురు. ఆ విషయమును మేము విచారింపలేదు. విచారింపవలసిన పనియు మాకు తోపలేదు. పతకము గెలిచిన పిమ్మట మావారే యని చెప్పుకొనుటకు పదిమంది ముందుకు వత్తురు. పతకము రాకమున్ను, ఆ పిల్ల వీథిలో నేడ్చుచు నింటికి వచ్చునపుడు, మావారే యని చెప్పుకొన్నవారెవ్వరు? అట్టి పిల్లలు మన కులమునందును ఉన్నారు. వారు మన యిండ్లలోనే యున్నారు. కావున నీ చరిత్రము మనది.

జననము – బాల్యము

దీప్తి 2003వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన జన్మించెను. జన్మస్థలము వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామము. తల్లిదండ్రులు వ్యవసాయపు కూలీలు. కుటుంబమునకు అర యెకరము భూమి యుండెడిది గాని, అదియు నిల్చినది కాదు. కష్టకాలమున దాని నమ్ముకొనవలసివచ్చెను. పనియున్న దినమున కూలి, పనిలేని దినమున పస్తు అను స్థితిలో ఆ బిడ్డ పెరిగెను.

శిశువు తల చిన్నదిగా నుండుటయు, పెదవులును ముక్కును తక్కిన పిల్లలకంటె వేఱుగా నుండుటయు జూచి, ఊరివారు నోటికి వచ్చినట్లు మాటలాడజొచ్చిరి. పిచ్చిదనియు, కోతియనియు పేళ్ళు పెట్టిరి. ఈ పిల్లను అనాథాశ్రమమున విడిచిపెట్టుడని తల్లిదండ్రులకు హితవు చెప్పినవారును గలరు. బిడ్డ యేడ్చుచు నిల్లు చేరినపుడు తియ్యని యన్నము వండిపెట్టియు, వీలైన దినమున కోడికూర వండిపెట్టియు నూరడించెడిదాననని తల్లి తరువాత పత్రికలవారితో చెప్పియున్నది.

ఆ తల్లిదండ్రులు చదువుకొన్నవారు కారు, ధనవంతులు కారు, వైద్యశాస్త్ర మెఱిగినవారును కారు. అయినను ఊరందఱి మాటను త్రోసివైచి బిడ్డను కడుపులో పెట్టుకొని పెంచిరి. వారు నాడు ఊరిమాట వినియున్నచో ఈ చరిత్రమునకు రెండవ వాక్యము లేకపోవును.

విద్యాశాల – గురువులు

కల్లెడ చిన్నయూరే యైనను క్రీడలకు క్రొత్తది కాదు. అచ్చట గ్రామీణాభివృద్ధి సంస్థవారి పాఠశాల యొకటి గలదు. ఆ పాఠశాలలో విలువిద్య నభ్యసించిన వర్ధినేని ప్రణీత 2008వ సంవత్సరమున బీజింగు ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున బాణము పట్టినది. పల్లెటూరి బడియందు ఆటస్థలమును, ఆటలు నేర్పు నుపాధ్యాయుడును ఉన్నచో నెట్టి ఫలము కలుగునో దీనివలన తెలియుచున్నది. దీప్తియు నీ పాఠశాలలోనే చదివినది. అక్షరములు వచ్చుట కాలస్యమైన యీ బాలిక కాళ్ళలోని వేగమును వ్యాయామోపాధ్యాయుడు గుర్తించి పరుగు పందెములకు పంపెను. చెప్పులు లేని పాదములతోనైనను ఆమె తోడివారిని వెనుక విడుచుచుండెను.

పిదప భారత క్రీడా ప్రాధికార సంస్థలో శిక్షకుడగు శ్రీ నాగపురి రమేష్ గారు ఈమెను ఒక పోటీయందు చూచుట తటస్థించెను. రమేష్ గారు 2016వ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కార గ్రహీత. పెక్కండ్రు పరుగువీరులను తీర్చిదిద్దినవారు. పిల్లను హైదరాబాదు పంపుడని వారు కోరినపుడు తల్లిదండ్రుల చేత బస్సు కిరాయికైనను సొమ్ము లేదు. ఈ చిన్నసంగతిని చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనిని గూర్చి ముందు మఱల చెప్పవలసియున్నది. ఆ కొఱత తీరినందున ఆమె హైదరాబాదు చేరి క్రమశిక్షణతో నభ్యాసము సాగించెను.

2001వ సంవత్సరమున ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేతయైన శ్రీ పుల్లెల గోపీచంద్ గారు అచ్చట నీమెను చూచి, సికిందరాబాదులోని జాతీయ సంస్థలో పరీక్షింపజేయుడని సలహా యిచ్చిరి. మేధోవైకల్యముగలవారి కొఱకు 1984లో స్థాపింపబడిన సంస్థ యది. అచ్చటి నిపుణులు కొన్ని దినములు పరీక్షించి, ఈమె మేధోవైకల్యముగలవారి తరగతిలో పోటీచేయ నర్హురాలని నిర్ణయించిరి. గోపీచంద్ గారి ప్రోత్సాహమున నడచు సంస్థయు ఆమెకు తోడ్పడెను.

ఇచ్చట నొక్కమాట చెప్పవలెను. మేధోవైకల్యము వేఱు, మనోవ్యాధి వేఱు. మనవారు రెంటిని కలిపి పిచ్చి యనుచున్నారు. మనోవ్యాధి వచ్చునది, పోవునది, మందులకు లొంగునది. మేధోవైకల్యము చిన్ననాటినుండి యుండునది. నేర్చుకొనుట, లెక్కించుట, నిత్యకృత్యములను నిర్వహించుకొనుట మున్నగు వానియందు నెమ్మదితనము దాని లక్షణము. అది శాపము కాదు, గ్రహణదోషము కాదు, తల్లి చేసిన పాపమును కాదు.

వికలాంగ క్రీడల పూర్వచరిత్రము

దీప్తి సాధించిన విజయముల విలువ తెలియుటకు ఆ క్రీడల పుట్టుక కొంత తెలియవలెను. జర్మనీనుండి యింగ్లండునకు వలసవచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు స్టోక్ మాండెవిల్ అనుచోట వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేయుచుండెను. 1948వ సంవత్సరము జూలై 29వ తేదీన, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆయన చక్రముల కుర్చీలలోని పదునార్గురిచే విలువిద్యా పోటీ జరిపించెను. ఆ చిన్న బీజమే 1960లో రోమునగరమున మహావృక్షమై, నాలుగేండ్లకొకసారి జరుగు పారాలింపిక్ క్రీడలకు మూలమయ్యెను.

మన దేశమువారు 1968లో మొదటిసారి ఇందు పాల్గొనిరి. 1972లో హైడెల్‌బర్గునందు మురళీకాంత్ పేట్కర్ గారు ఈతలో తొలి స్వర్ణము గెలిచిరి. ఆయన 1965 యుద్ధమున గాయపడిన సైనికుడు. 1984లో జోగీందర్ సింగ్ బేడీ, భీమ్‌రావ్ కేసర్కర్ గారలు విసరుడు పోటీలలో పతకములు తెచ్చిరి. 2004లో ఏథెన్సునందు దేవేంద్ర ఝాఝరియా గారు బల్లెము విసరుటలో స్వర్ణము గెలిచిరి. ఎనిమిదేండ్ల వయసున విద్యుత్తీగ తగిలి యొక చేయి పోగొట్టుకొన్నవా రాయన. 2016లో రియోనందు దీపా మలిక్ గారు గుండు విసరుటలో రజతము గెలిచి, పారాలింపిక్ పతకము పొందిన ప్రథమ భారతీయ మహిళయైరి.

వీరందఱివి కంటికి కానవచ్చు వైకల్యములు. కాలు లేనివాని కష్టము చూచినవానికి తెలియును. బుద్ధికి సంబంధించిన వైకల్యము అట్లు కానరాదు. అందుచేతనే దానికి క్రీడారంగమున స్థానము దొరకుటయు నాలస్యమయ్యెను. దొరకిన స్థానము మధ్యలో పోవుటయు సంభవించెను. మేధోవైకల్యముగలవారికి 1996లో అట్లాంటానందు పారాలింపిక్ పోటీలలో ప్రవేశము లభించెను. నాలుగేండ్లకు సిడ్నీలో ఘోరమైన మోసము జరిగెను. స్పెయిను దేశపు బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణము గెలిచెను; ఆ జట్టులోని పండ్రెండుగురిలో పదుగురికి ఏ వైకల్యమును లేదని పిదప బయల్పడెను. ఆ జట్టులో జేరి యాడిన పత్రికారచయిత యొకడే దానిని లోకమునకు వెల్లడించెను.

పతకములు తిరిగి యిచ్చివేయబడెను. కాని దండన యెవరికి పడినది? మోసముచేసిన పదుగురితో నది నిలువలేదు. 2001లో లోకమునందలి మేధోవైకల్యముగల క్రీడాకారులందఱి ప్రవేశమును నిలుపుదల చేసిరి. నిజముగా వైకల్యముగలిగి, నిజముగా పరుగెత్తువారు పదేండ్లకు పైగా వాకిటనే నిలువవలసివచ్చెను. దీప్తి పుట్టిననాటికి ఆ తలుపు మూయబడియే యున్నది. పరీక్షావిధానమును కట్టుదిట్టము చేసిన పిమ్మట 2012లో లండనునందు మూడు క్రీడలలో మాత్రము మఱల ప్రవేశమిచ్చిరి. దీప్తి పాల్గొను తరగతికి టి-20 అని పేరు. ఆ పునఃప్రవేశము పిమ్మట ఆ తరగతిలో 400 మీటర్ల పరుగు 2016లో గాని పారాలింపిక్ పట్టికలో చేరలేదు. అబద్ధపు ధ్రువపత్రమొకటి యెందఱు నిరపరాధుల బ్రతుకులను చెఱచునో ఈ వృత్తాంతము తెలుపుచున్నది. వికలాంగుల పేరిట వచ్చు పింఛనులను, ఉద్యోగములను దొంగపత్రములతో కాజేయువారు మనలో నున్నచో, వారికిది హెచ్చరిక కావలెను.

విజయపరంపర

400 మీటర్ల పరుగనగా పందెపు బాటను ఒక్క చుట్టు పూర్తిగా తిరుగుట. నూఱు మీటర్ల పరుగువలె మొదటినుండి తుదివఱకు ప్రాణము లొడ్డి యురుకుటకు వీలులేదు; దీర్ఘమైన పరుగులవలె నిదానించుటకును వీలులేదు. మొదటి సగమున నెంత బలము వ్యయపఱుపవలెనో, కడపటి నూఱు మీటర్లకు ఎంత దాచుకొనవలెనో పరుగెత్తుచునే లెక్కగట్టుకొనవలెను. లెక్కించుట కష్టమైన బుద్ధికి ఈ పందె మెంత కఠినమో యోచింపుడు. శిక్షకులు మఱల మఱల పరుగెత్తించి, ఆ కొలతను బుద్ధికి గాక దేహమునకే అలవాటు చేయవలసియుండును.

2023వ సంవత్సరము అక్టోబరులో చైనాదేశపు హాంగ్‌ఝౌ నగరమున ఆసియా పారా క్రీడలు జరిగెను. అందు దీప్తి 400 మీటర్లను 56.69 సెకండ్లలో ముగించి స్వర్ణము గెలిచెను. అది ఆసియా ఖండపు రికార్డు. ఆ విజయమువలన వచ్చిన ధనముతో, మునుపు అమ్ముకొన్న భూమిని కుటుంబము మఱల కొనుక్కొన్నది. ఈ సంగతి మాకు పతకముకంటె గొప్పగా తోచుచున్నది. అనాథాశ్రమమున విడువుడని యూరివారు చెప్పిన కూతురే తాతల నేలను తిరిగి తెచ్చి తల్లిదండ్రుల చేతులలో పెట్టినది.

2024వ సంవత్సరము మే 20వ తేదీన జపానులోని కోబే నగరమున ప్రపంచ పారా అథ్లెటిక్సు పోటీలలో ఆమె అదే దూరమును 55.07 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణము గెలిచెను. అంతకుమున్ను అమెరికా వనిత బ్రియానా క్లార్కు 2023లో నెలకొల్పిన ప్రపంచ రికార్డు 55.12 సెకండ్లు. సెకండులో నూఱవవంతు లైదు మాత్రమే భేదము; కాని ఆ యైదు నూఱవవంతులతో కల్లెడ గ్రామము ప్రపంచపటమున కెక్కెను. ఆ పందెమున తుర్కీ దేశపు అయిసెల్ ఓందర్ 55.19 సెకండ్లలో రెండవస్థానము పొందెను.

అదే యేట పారిసునందు పారాలింపిక్ క్రీడలు జరిగెను. ప్రపంచవిజేతగా వెళ్ళిన దీప్తినుండి స్వర్ణమునే యెల్లరు నాశించిరి. సెప్టెంబరు 2వ తేదీన జరిగిన తొలి పరుగులలో ఓందర్ 54.96 సెకండ్ల క్రొత్త రికార్డు నెలకొల్పెను. దీప్తి రికార్డు నాలుగు నెలలైన నిలువలేదు. మఱునాటి తుదిపందెమున ఉక్రెయిను వనిత యూలియా షూల్యార్ 55.16, ఓందర్ 55.23, దీప్తి 55.82 సెకండ్లలో గమ్యము చేరిరి. మనవారికి కాంస్యము లభించెను. కోబేలో పరుగెత్తినంత వేగముగా నాడు పరుగెత్తియున్నచో స్వర్ణమే యామెదియని లెక్క చెప్పుచున్నది. కాని పందెములు లెక్కలవలన గెలువబడవు. ఆ దినమున, ఆ క్షణమున, ఆ దేహములో నున్న బలమువలన గెలువబడును. ఓందర్ గారికిని అట్లే జరిగెను; ముందునాడు ప్రపంచ రికార్డు చేసియు తుదిపందెమున రెండవదియైనది. ఈ కాంస్యముతో దీప్తి, మేధోవైకల్యముగల భారతీయ క్రీడాకారులలో పారాలింపిక్ పతకము పొందిన ప్రథమ వ్యక్తియయ్యెను. ఆ క్రీడలలో మన దేశమునకు వచ్చిన పతకములు 29. అందు 17 అథ్లెటిక్సు పోటీలలోనివే.

2025వ సంవత్సరమున ప్రపంచ పారా పోటీలు తొలిసారిగా మన దేశమున, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాంగణమున జరిగెను. అందును ఓందర్ ప్రథమస్థానమును, దీప్తి రజతమును పొందిరి. ఓడిన పిమ్మట మఱల పోటీకి నిలుచుటయు, నిలిచి పతకముతో వచ్చుటయు వీరుల లక్షణము.

సమ్మానములు

పారిసు విజయానంతరము తెలంగాణ ప్రభుత్వమువారు దీప్తికి కోటి రూపాయలు, వరంగల్లున 500 గజముల స్థలము, గ్రూపు-2 ఉద్యోగము ప్రకటించిరి. శిక్షకుడు రమేష్ గారికి 10 లక్షల రూపాయలు ప్రకటించిరి. 2024వ సంవత్సరపు అర్జున పురస్కారము నామె 2025 జనవరి 17వ తేదీన రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపదీ ముర్ము గారి హస్తములమీదుగా నందుకొనెను. పిచ్చిదని పిలిచిన నోళ్ళే జయజయధ్వానములు చేసెను. ఊరిని నిందించుటకు మేమిది వ్రాయలేదు. ఆ యూరివంటివే మన యూళ్ళన్నియు.

ఈ చరిత్రమువలన గ్రహింపవలసినది

ఈ వృత్తాంతమును చదివి, వికలాంగులు పతకములు తెచ్చినచో వారిని గౌరవింపవలెనను నీతిని గ్రహించినచో, మేము వ్రాసినది వ్యర్థమే. మేధోవైకల్యముగల బిడ్డలలో వేయింటికొకరైనను ప్రపంచవిజేతలు కాజాలరు. తక్కినవారు బుట్టలల్లుటయో, బట్టలు మడచుటయో, తమ యన్నము తాము తినుటయో నేర్చుకొనుటకే యేండ్లు పట్టును. ఆ నేర్పు వారికి పరుగుపందెమువంటిదే. దీప్తి పదునైన కాళ్ళు లేక పుట్టియున్నను, పిచ్చిదని పిలువబడకుండుట కామె యర్హురాలే. గౌరవము పతకమునకు బహుమానము కాదు, మనుష్యజన్మమునకు హక్కు.

శాసనమును ఇదియే చెప్పుచున్నది. 1995వ సంవత్సరపు చట్టములో బుద్ధిమాంద్యము వైకల్యముగా గుర్తింపబడినను, ఉద్యోగములలో వారికి ప్రత్యేకస్థానము లేకుండెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు వంతులు కేటాయించి, మేధోవైకల్యముగలవారికిని అందు పాలు కల్పించెను. ఆఱు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు ఉచితవిద్య వారి హక్కు. వికలాంగుని నలుగురిలో బుద్ధిపూర్వకముగ నవమానించినవానికి ఆఱు నెలలకు తక్కువగాని, అయిదేండ్లకు మించని కారాగారశిక్షయు, జరిమానాయు నా చట్టమునందు గలవు. మనము పెండ్లిపందిళ్ళలో నవ్వుచు ననుమాటలు చట్టముదృష్టిలో నేరము లగునని యెందఱకు తెలియును?

మఱియు 1999వ సంవత్సరపు జాతీయ న్యాస చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు నిండిన మేధోవైకల్యముగలవారికి జిల్లా కలెక్టరు అధ్యక్షతనున్న సంఘము సంరక్షకుని నియమింపవచ్చును. మా తరువాత ఈ బిడ్డకు దిక్కెవ్వరు అను చింతతో రాత్రులు నిద్రలేని తలిదండ్రులు మనలో నెందఱో కలరు. వారికీ సంగతి తెలుపువారు కావలెను.

మన కర్తవ్యము

మహాసభవారి సన్నిధిని మేము నాలుగు మనవులు చేయుచున్నాము.

మొదటిది: కుటుంబముల వివరములు వ్రాయించునపుడు ఇట్టి బిడ్డల పేళ్ళు చాలమంది వ్రాయింపరు. పెద్దపిల్ల పెండ్లికి ఆటంకమగునని భయము. ఈ భయము నిరాధారమని మేమనము. సంబంధములు తప్పిపోవుట కలదు. కాని తప్పు దాచినవారిది కాదు, దాచవలసిన స్థితిని కల్పించిన మనది. వియ్యమందుటకు వచ్చిన పెద్దలు ఇట్టి బిడ్డ యున్నదని తెలిసియు ముందడుగు వేసిననాడు ఈ దాపఱికము దానంతట తొలగును. సంఘములో పెద్దలైనవారే దీనికి దారిచూపవలెను.

రెండవది: మనము విద్యార్థులకిచ్చు వేతనములన్నియు పరీక్షలలో మార్కులను బట్టియే యిచ్చుచున్నాము. మార్కులు రాని బిడ్డకు వేతనము లేదు; వసతిగృహమున స్థలము లేదు. ప్రతిసంవత్సరము కొన్ని వేతనములైనను ప్రత్యేకవిద్య నభ్యసించు పిల్లలకును, ఆటలలో నేర్పుగల పిల్లలకును కేటాయింపవలెను.

మూడవది: బస్సు కిరాయి సంగతిని జ్ఞాపకమందుంచుకొనుడని పైన కోరితిమి. ప్రపంచవిజేత కాదగిన బాలికకును హైదరాబాదునకును నడుమ నిలిచిన అడ్డుగోడ కొన్ని రూపాయలు మాత్రమే. పల్లెలనుండి బిడ్డను పరీక్షలకును, ధ్రువపత్రములకును పట్టణమునకు తీసికొనివచ్చు తల్లికి ప్రయాణపు ఖర్చును, రెండుమూడు దినముల బసయు, ఒక దినపు కూలి నష్టమును భరించుటకు చిన్ననిధి యొకటి యేర్పఱుపవలెను. సత్రములు కట్టించిన వంశములవారికి ఇది భారము కానేరదు.

నాలుగవది: ధనముతో పనిలేనిది. పిచ్చి, మొద్దు, మెంటల్ మొదలగు పేళ్ళతో పిల్లలను పిలుచుట నేటినుండి మానవలెను. మన పిల్లలు వీథిలో నట్లు పిలిచినపుడు మనము నవ్వి యూరకుండరాదు.

దీప్తిని పెంచిన తల్లి, ఆమె కాళ్ళలోని వేగమును కనుగొన్న యుపాధ్యాయుడు, చేయిపట్టి తీసికొనివచ్చిన శిక్షకుడు, సరియైన పరీక్ష చేయింపుడని చెప్పిన పెద్దమనిషి: ఈ నలువురిలో నే యొక్కరు లేకున్నను ఈ చరిత్రము లేదు. మన యిండ్లలోని బిడ్డలకు అట్టి నలువురు దొరకుదురా, లేదా యనునది మన చేతులలోనే యున్నది. ఈ మహాసభ కరుదెంచిన సోదరీసోదరులును, పోషకమహాశయులును దీనిని హృదయమున నిలుపుకొని, వచ్చు వార్షికసభ నాటికి ఒక్క బిడ్డనైనను వెలుగులోనికి తెత్తురని నమ్ముచున్నాము. కుమారి దీప్తికి దీర్ఘాయురారోగ్యములను, మఱిన్ని విజయములను, మనకందఱకును సద్బుద్ధిని సర్వేశ్వరుడు ప్రసాదించుగాక!